నాన్న డిస్కులో తొమ్మిది గ్రహాలు, టీచర్ దగ్గర ఎనిమిది

పేరు వేయొద్దని కోరుతూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. అందులోని సంగతులు క్లుప్తంగా ఇవి.

వాళ్ళింట్లో కంప్యూటర్ కొని కొన్ని నెలలైంది. హాల్లో పెట్టుకున్నారు. బాబు తొమ్మిదో తరగతి, పాప నాలుగో తరగతి. పిల్లల చదువుకు పనికొచ్చే మంచి ఎన్‌సైక్లోపీడియా ఒకటి అందులో ఉండాలనేంత వరకు ఇంట్లో అందరిదీ ఒకే మాట. ఏది పెట్టాలన్న దగ్గరే పేచీ. ఆవిడ భర్త కాలేజీ రోజుల్లో ముచ్చటపడి కొనుక్కున్న, మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎన్‌సైక్లోపీడియా ‘ఎన్‌కార్టా 2004’ డిస్కును ఇప్పటికీ అపురూపంగా దాచుకున్నారు. పాత ల్యాప్‌టాప్‌లో అది పనిచేస్తోంది కానీ కొత్త కంప్యూటర్‌లోకి సరిగా ఎక్కడం లేదు. అందుకని నెట్‌లో ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతుకుతున్నారు. మరిది మాత్రం వికీపీడియా ఉండగా ఇంకోటి ఎందుకంటారు. బాబుకి అసలు ఎన్‌సైక్లోపీడియానే అక్కర్లేదు, ఏఐని అడిగితే అన్నీ చెప్తుందంటాడు. వీటికి తోడు ఒకాయన ఇంటికొచ్చి, ఒక్కసారి డబ్బు కడితే జీవితాంతం వాడుకోవచ్చంటూ పెన్‌డ్రైవ్‌లో ఒక ‘లైఫ్‌టైమ్’ ప్యాక్ చూపించి వెళ్ళారు. ఆదివారం అడ్వాన్సు కోసం మళ్ళీ వస్తారట.

ఇంతలో రెండు సంఘటనలు జరిగాయి. గ్రహాలు ఎన్ని అని పరీక్షలో అడిగితే, నాన్న డిస్కులో చూసింది గుర్తుపెట్టుకుని పాప తొమ్మిది అని రాసింది. టీచర్ తప్పు పెట్టారు. పాప ఏడుస్తూ ఇంటికొచ్చింది. ‘ఎన్‌కార్టాలో తప్పుంటుందా’ అని ఆయన, ‘ఇంకా ఆ పాత డిస్కేమిటి’ అని మరిది, ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. ఆ తర్వాత వారమే బాబు ప్రాజెక్ట్ స్కూల్లో తిప్పి పంపేశారు. వికీపీడియా నుంచి ఉన్నదున్నట్టు దించేశాడు. వాక్యాల చివర ఉండే చిన్న చిన్న అంకెలు కూడా బ్రాకెట్లతో సహా అలాగే ఉన్నాయట.

ఇంట్లో నెట్ అంటే భర్త ఫోన్ హాట్‌స్పాటే. ఆయన ఆఫీసుకి వెళ్తే నెట్ ఉండదు. విడిగా కనెక్షన్ పెట్టిస్తే పిల్లలు ఏం చూస్తారో అని ఆవిడ భయం. ఉత్తరం చివర ఇలా రాశారు: ‘నేను తెలుగులో చదువుకున్నదాన్ని. ఇవన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. పాప వచ్చి ఏదైనా అడిగితే నాన్న వచ్చాక అడుగు అంటున్నాను. అలా అనాల్సి వచ్చినప్పుడల్లా చిన్నతనంగా ఉంటోంది. అసలు ఏది కొనాలి?’

ఇక నా సమాధానం.

ముందు పాప సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మిగతా చిక్కుముడులన్నిటికీ మొదలు అక్కడే ఉంది. మీవారి డిస్కు అబద్ధం చెప్పలేదు. టీచర్ దిద్దింది కూడా తప్పు కాదు. 2004లో సౌర కుటుంబంలో తొమ్మిది గ్రహాలే. 2005లో ప్లూటోకి అవతల ఎరిస్ అనే గోళాన్ని కనుగొన్నట్టు ప్రకటించారు. అది ప్లూటో కంటే పెద్దదని అప్పట్లో అనుకున్నారు. ప్లూటో గ్రహమైతే ఇదెందుకు కాదు, ఇలాంటివి ఇంకెన్ని దొరుకుతాయి అన్న ప్రశ్న వచ్చింది. దాంతో 2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరంలో అంతర్జాతీయ ఖగోళ సంఘం గ్రహం అంటే ఏమిటో నిర్వచనం ఖాయం చేసింది. సూర్యుడి చుట్టూ తిరగాలి, తన ఆకర్షణ వల్లే గుండ్రంగా ఉండాలి, తన దారిలో అడ్డున్నవాటిని తొలగించుకుని ఉండాలి. మూడోదాని దగ్గర ప్లూటో ఆగిపోయింది, మరుగుజ్జు గ్రహాల జాబితాలో చేరింది. డిస్కు తయారైన రోజుకి ఈ నిర్వచనం ఇంకా పుట్టనే లేదు.

ఇదంతా పాపకి కథలాగా చెప్పండి. మీవారి ఎదుటే చెప్పండి. ‘నాన్న తప్పు చెప్పాడు’ అన్న మాట ఆ పిల్ల మనసులో ఉండిపోకూడదు, ‘నాకు ఏమీ రాదు’ అన్నది అసలే ఉండకూడదు. ఏ ఎన్‌సైక్లోపీడియాకైనా ఒక తారీఖు ఉంటుందని, దాన్ని చూసుకుని చదవాలని నాలుగో తరగతిలోనే తెలిసిపోతే ఆ ఒక్క మార్కు పోయినా నష్టం లేదు.

మీ ప్రశ్నకి కూడా నా జవాబు ఆ తారీఖు దగ్గరే మొదలవుతుంది. ఏది కొనాలి అనే ముందు మూడు అడగాలి. ఇందులో ఉన్నది ఏ సంవత్సరం నాటిది, ఎవరు రాశారు, రేపు మారితే ఇందులోనూ మారుతుందా? మీ ముందున్న వాటన్నిటినీ ఈ మూడు ప్రశ్నలతోనే చూద్దాం.

ఎన్‌కార్టా మొదట 1993లో వచ్చింది. అంతవరకు బీరువా నిండా ఉండే పుస్తకాలు ఒక్క డిస్కులోకి రావడం, వ్యాసం పక్కనే శబ్దం, వీడియో, తిప్పి చూసే మ్యాపులు ఉండటం ఆ తరానికి ఎంత అబ్బురమో అప్పట్లో చూసినవాళ్ళకే తెలుసు. మీవారి మమకారాన్ని తేలిగ్గా తీసేయకండి. కానీ 2009లో మైక్రోసాఫ్ట్ దాన్ని పూర్తిగా ఆపేసింది. అప్పటినుంచి దానికి కొత్త మాట చేరలేదు, ఇక చేరదు. కొత్త కంప్యూటర్లలో చాలావాటికి డిస్కు పెట్టే డ్రైవే ఉండదు. విడిగా డ్రైవ్ కొని తగిలించినా, ఆ కాలపు ప్రోగ్రాములు ఇప్పటి విండోస్‌లో నడుస్తాయన్న భరోసా లేదు.

ఒక విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను. ఎవరో తెలియనివాళ్ళు నెట్‌లో పెట్టిన ఎన్‌కార్టా ఫైళ్ళను దించి కొత్త కంప్యూటర్‌లో ఎక్కించొద్దని మీవారికి చెప్పండి. ఆపేసిన ప్రోగ్రాముల పేరుతో తిరిగే ఫైళ్ళలో వైరస్ కలిపి పెట్టడం సులువు. పిల్లల హోమ్‌వర్క్, కుటుంబం ఫోటోలు, బహుశా బ్యాంకు పనులు కూడా ఉండే కంప్యూటర్ అది. డిస్కు పాత ల్యాప్‌టాప్‌లో పనిచేస్తోందిగా, అక్కడే ఉండనివ్వండి. దానికి వేరే మంచి ఉపయోగం ఉంది, కింద చెప్తాను.

మీ మరిది చెప్పిన వికీపీడియా గురించి కాస్త ఎక్కువ మాట్లాడుకోవాలి. మీ ఇంటికి అసలు పనికొచ్చే దారి దానిలోనే ఉంది, అయితే ఆయన అనుకున్న పద్ధతిలో కాదు.

వికీపీడియా 2001 జనవరి 15న మొదలైంది. డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనలు ఉండవు, ఎవరైనా రాయొచ్చు, దిద్దొచ్చు. ‘ఎవరు పడితే వాళ్ళు రాసేదాన్ని ఎలా నమ్మడం’ అన్న అనుమానం అందరికీ వస్తుంది. 2005 డిసెంబరులో ‘నేచర్’ అనే సైన్సు పత్రిక ఈ సంగతి చూద్దామని సైన్సు విషయాల మీద 42 వ్యాసాలు తీసుకుని, వికీపీడియాలోవి, పేరున్న పాత ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలోవి ఆయా రంగాల నిపుణులకు చూపించింది. వికీపీడియాలో 162 పొరపాట్లు, బ్రిటానికాలో 123 లెక్క తేలాయి. అంటే వ్యాసానికి సుమారు నాలుగు ఇక్కడ, మూడు అక్కడ. పెద్ద తప్పులు మాత్రం రెండింటిలోనూ నాలుగేసి. ఆ పోల్చిన పద్ధతే సరికాదని బ్రిటానికా వాళ్ళు గట్టిగా అభ్యంతరం చెప్పారు. అదంతా పాత లెక్కే, సైన్సుకి సంబంధించిందే. నేను దాన్ని చెప్పేది ఒక్కందుకే: పేరున్న సంపాదకులు చూసినదాంట్లోనూ తప్పులుంటాయి, అందరూ రాసినదంతా చెత్త కాదు.

వికీపీడియాలో మంచి సంగతి ఏమిటంటే, అనుమానం వస్తే తేల్చుకునే మార్గం ఆ పేజీలోనే ఉంటుంది. మీ బాబు ప్రాజెక్ట్‌లోకి దిగుమతి అయిన ఆ బ్రాకెట్ అంకెలు ఊరికే ఉన్నవి కావు. ఒక్కో అంకె నొక్కితే, ఆ వాక్యం ఏ పుస్తకం నుంచో ఏ పత్రిక నుంచో వచ్చిందో కింద మూలాల్లో కనిపిస్తుంది. అంకె లేని వాక్యాన్ని ఆచితూచి వాడుకోవాలి. పేజీ పైన ‘చరిత్ర’ అని ఉన్న చోట నొక్కితే ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో వరసగా కనిపిస్తుంది. ఇవాళ ఉదయమే ఎవరో ఆకతాయిగా ఏదైనా రాసి ఉంటే అక్కడ దొరికిపోతుంది. ‘చర్చ’ పేజీలో ఆ వ్యాసం మీద జరిగిన వాదనలు ఉంటాయి. తొమ్మిదో తరగతి పిల్లాడికి ఈ మూడూ చూపించేవాళ్ళు ఇంట్లో ఒకరుండాలి. మీ మరిదికి ఇది బాగా తెలిసినట్టుంది, కాబట్టి ఆ బాధ్యత ఆయనకే అప్పజెప్పండి.

ఇక దాని లోటు. వికీపీడియా పిల్లల కోసం రాసింది కాదు. పాప ‘ఇంద్రధనస్సు’ అని వెతికితే ఇంగ్లీషు వ్యాసంలో కొన్ని పేరాలు దాటేసరికి కాంతి వక్రీభవన కోణాలు, లెక్కలు వచ్చేస్తాయి. పెద్దలకు సంబంధించిన విషయాల మీదా వ్యాసాలు, బొమ్మలు ఉంటాయి. పైగా మీ ఇంట్లో పగలంతా నెట్ లేదు. పిల్లలు స్కూలు నుంచి వచ్చి ప్రశ్నలడిగే వేళకి మీవారి ఫోన్ ఇంట్లో ఉండదు. అందుబాటులో లేనిది ఎంత గొప్పదైనా మీ పాపకి లేనట్టే.

దీనికి ఒక ఉపాయం ఉంది. కివిక్స్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం. విండోస్ కంప్యూటర్‌లోనూ, ఫోన్లలోనూ పనిచేస్తుంది. వికీపీడియా మొత్తాన్ని ఒక్క ఫైలుగా దించుకుని నెట్ లేకుండా చదవడానికి దాన్ని తయారుచేశారు. వెతుకులాట, లింకులు నొక్కి ఒక వ్యాసం నుంచి మరో దానికి వెళ్ళడం అన్నీ మామూలుగానే ఉంటాయి. ఇంగ్లీషు వికీపీడియా మొత్తం బొమ్మలతో కలిపి 100 జీబీ పైమాటే. బొమ్మలు వద్దనుకుంటే దాదాపు సగం. మీ ఇంట్లో మొదలుపెట్టడానికి అంత పెద్దది అవసరం లేదు. తేలిక ఇంగ్లీషులో, చిన్న వాక్యాలతో రాసిన ‘సింపుల్ ఇంగ్లీష్’ వికీపీడియా ఒకటి వేరే ఉంది. అది కొద్ది జీబీల్లో వచ్చేస్తుంది. పాపకే కాదు, బాబుకి కూడా మొదట అదే తెరిచి, సరిపోకపోతే పెద్దదానికి వెళ్ళడం మంచి అలవాటు. తెలుగు వికీపీడియా ఫైలు కూడా అక్కడే దొరుకుతుంది, అదీ చిన్నదే.

ఎలా తెచ్చుకోవాలో చెప్తాను. ఫోన్ హాట్‌స్పాట్ మీద అంత పెద్ద ఫైళ్ళు దించాలని చూడకండి, డేటా అయిపోతుంది, మధ్యలో తెగిపోయి విసుగొస్తుంది. మంచి కనెక్షన్ ఉన్న చోట, మీ మరిది ఇంట్లోనో ఆఫీసులోనో, దించి హార్డ్‌డిస్కులోనో పెన్‌డ్రైవ్‌లోనో తెమ్మనండి. ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. పెన్‌డ్రైవ్‌లు తరచుగా ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటాయి. అందులోకి 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కాపీ కాదు. డ్రైవ్‌లో 128 జీబీ ఖాళీ కనిపిస్తున్నా ‘ఫైలు చాలా పెద్దది’ అంటుంది, మనం డ్రైవ్ పాడైందనుకుంటాం. దాన్ని ఎక్స్‌ఫ్యాట్ అనే మరో పద్ధతిలోకి ఫార్మాట్ చేస్తే సరిపోతుంది. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి, ముందే పక్కన దాచుకోండి.

దించుకున్న ఫైలు పేరు చివర ఏ సంవత్సరం, ఏ నెల అన్నది రాసి ఉంటుంది. ఆ అంకెలని ఒక కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన అంటించండి. ఎందుకంటే ఈ పద్ధతికి ఉన్న లోటు కూడా మీవారి డిస్కుకి ఉన్నదే. దించిన రోజు దగ్గర అది ఆగిపోతుంది. తేడా ఏమిటంటే దీన్ని ఏడాదికోసారి కొత్తది తెచ్చి మార్చుకోవచ్చు, ఖర్చు లేదు. ఇంకో లోటు, బయటి వెబ్‌సైట్లకు ఇచ్చిన లింకులు నెట్ లేకుండా తెరుచుకోవు. మూలాల జాబితా కనిపిస్తుంది కానీ దాన్ని నొక్కి చూడటం నెట్ ఉన్నప్పుడే. అలాంటివి బాబు ఒక కాగితం మీద రాసిపెట్టుకుని రాత్రి నాన్న వచ్చాక చూసుకోవచ్చు.

పాపకి మరీ చిన్నది, ఏరి కూర్చినది కావాలంటే వికీపీడియా నుంచే బడి పిల్లల కోసం ఎంపిక చేసిన సుమారు 6,000 వ్యాసాల సంకలనం ఒకటుంది. ఎస్‌ఓఎస్ చిల్డ్రన్స్ విలేజెస్ అనే స్వచ్ఛంద సంస్థ తయారుచేసింది. పిల్లలకి తగనివి తీసేశారు. జంతువులు, చరిత్ర, శరీర భాగాలు లాంటివాటికి హాయిగా పనికొస్తుంది. కానీ ఆ సంకలనం 2013 తర్వాత కొత్తగా రాలేదు. దేశాల నాయకులు, జనాభాలు దాంట్లో చూసి రాస్తే మళ్ళీ ప్లూటో కథే అవుతుంది.

డబ్బు కట్టి తీసుకునేవాటిలో అందరికీ తెలిసిన పేరు బ్రిటానికా. 1768లో ఎడిన్‌బరోలో అచ్చు మొదలైంది. 2010 నాటి 32 సంపుటాలే ఆఖరి అచ్చు ప్రతి, ఇక పుస్తకంగా వేయబోమని 2012లో ప్రకటించారు. ఇప్పుడున్నది నెట్‌లో చందా పద్ధతి. మీ ఇంటికి దానిలో ఆకర్షణ ఏమిటంటే, పిల్లల కోసం ఒకే విషయాన్ని వేర్వేరు స్థాయిల్లో రాసిన భాగాలు ఉన్నాయి. అగ్నిపర్వతం గురించి పాప చదివే వ్యాసం వేరు, బాబు చదివే వ్యాసం వేరు. సంపాదకులు చూసి పెట్టినవి కాబట్టి నిశ్చింతగా వదిలేయొచ్చు. ఎప్పటికప్పుడు దిద్దుతూ ఉంటారు.

కానీ దానికి నెట్ కావాలి. పగలు నెట్ లేని ఇంట్లో చందా కడితే వాడకం రాత్రి ఒక గంటకి కుదించుకుపోతుంది. చందా ఆపేసిన రోజున చేతిలో ఏమీ మిగలదు. డబ్బు కట్టే ముందు రెండు పనులు చేయండి. బ్రిటానికా సైటులో చాలా వ్యాసాలు ప్రకటనలతో ఉచితంగానే చదవొచ్చు, ముందు అవి చూడండి. తర్వాత, పిల్లల స్కూలుకో మీకు దగ్గర్లోని లైబ్రరీకో ఇలాంటి చందా ఇదివరకే ఉందేమో అడగండి. కొన్నిచోట్ల ఉండొచ్చు, అడిగేవాళ్ళు లేక అలా పడి ఉండొచ్చు.

ఏఐ అంటున్న బాబుని కసరకండి. వాడన్నదాంట్లో నిజం ఉంది. అర్థంకాని పేరాని సులువుగా చెప్పమంటే అది చక్కగా చెప్తుంది. కాకపోతే తెలియనిదాన్ని కూడా తెలిసినంత ధీమాగానే చెప్తుంది, చెప్పినదానికి ఆధారం అడిగితే లేని పుస్తకం పేరు కూడా ఇవ్వగలదు. తొమ్మిదో తరగతి పిల్లాడికి ఏది సరైనదో పోల్చుకునేంత జ్ఞానం ఇంకా రాలేదు, అది సంపాదించడానికే ఈ చదువంతా. కాబట్టి వాడికి ఇలా చెప్పి చూడండి: అర్థం చేసుకోవడానికి దేన్నైనా అడుగు, కాగితం మీద పెట్టే ప్రతి అంకె, ప్రతి పేరు, ప్రతి సంవత్సరం మాత్రం ఎన్‌సైక్లోపీడియాలో కళ్ళారా చూశాకే రాయి.

లైఫ్‌టైమ్ ప్యాక్ దగ్గరికి వద్దాం. ఆయన చెడ్డవారని నేననను, ఆ ప్యాక్ నేను చూడలేదు. కానీ పెన్‌డ్రైవ్‌లో వచ్చేది ఏదైనా ఒక తేదీన తయారైనదే. ‘జీవితాంతం’ అంటే ఆ తేదీ నాటి సమాచారం జీవితాంతమా, లేక కొత్త సమాచారం జీవితాంతమా? ఇది తేల్చకుండా అడ్వాన్సు ఇవ్వకండి. ఎవరు రాశారో, ఎవరు సరిచూశారో పేర్లు ఉన్నాయా అని అడగండి. ఇలాంటి ప్యాకుల్లో కొన్నిసార్లు ఉచితంగా దొరికే వికీపీడియానే రంగులద్ది అమ్ముతుంటారు. అలా అమ్మడం నేరమేమీ కాదు, ఎక్కడినుంచి తీసుకున్నారో చెప్పి, అదే షరతుల మీద ఇస్తే వికీపీడియా లైసెన్సు ఒప్పుకుంటుంది. ఊరికే దొరికేదానికి మీరు డబ్బు కడుతున్నారని మీకు తెలియాలి కదా. ఇంకొన్నిట్లో 1911 నాటి బ్రిటానికా ఉంటుంది. దాని కాపీహక్కు ఎప్పుడో తీరిపోయింది, ఎవరైనా వాడుకోవచ్చు. చరిత్ర పరిశోధకులకు అది నిధి. నాలుగో తరగతి పిల్లకి మాత్రం కాదు, ప్లూటోని కనుగొన్నదే 1930లో.

వచ్చినాయన ఎదుటే ఆ పెన్‌డ్రైవ్ పెట్టించి పాప చేత ‘ప్లూటో’ అని, బాబు చేత ‘దక్షిణ సూడాన్’ అని వెతికించండి. 2011 జూలైలో పుట్టిన ఆ దేశం అందులో లేకపోతే ప్యాక్ వయసెంతో మీకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు బాబు దించుడు సంగతి. ఏ ఎన్‌సైక్లోపీడియా కొన్నా ఇది ఆగదు, ఎంత మంచిది కొంటే అంత బాగా దించుతాడు. స్కూల్లో తిప్పి పంపినందుకు వాణ్ణి ఇప్పటికే అందరూ తిట్టి ఉంటారు, మీరు ఇంకోసారి తిట్టకండి. బదులు మీ ఉత్తరం చివరి మాటలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. తెలుగులో చదువుకున్నదాన్ని, చిన్నతనంగా ఉంటోంది అన్నారు. మీ బాబుకి కావలసిన మనిషి సరిగ్గా మీరే.

వాడు వ్యాసం చదవాలి. చదివాక స్క్రీన్ ఆపేసి మీ దగ్గరికొచ్చి, చదివింది తెలుగులో మీకు చెప్పాలి. మీరు పని చేసుకుంటూనే వినొచ్చు. మీకు అర్థం కాని చోట ‘అంటే ఏంట్రా?’ అని అడగండి. మీరు నిజంగా అర్థం కాకే అడుగుతున్నారని వాడికి తెలుసు, కాబట్టి తప్పించుకోలేడు. చాలా చోట్ల వాడికే అర్థం కాలేదని అప్పుడు బయటపడుతుంది, మళ్ళీ వెళ్ళి చూస్తాడు. మీకు చెప్పగలిగాక మాత్రమే కూర్చుని సొంత మాటల్లో రాయాలి. ఇలా చేసినవాడికి దించాల్సిన అవసరం రాదు, బుర్రలో విషయం ఉంటుంది కనుక. ఇంగ్లీషు బాగా వచ్చిన తండ్రి దగ్గర ఇది ఇంత బాగా కుదరదు. ఆయన సగం వాక్యంలోనే అందుకుని మిగతాది తనే చెప్పేస్తారు.

మీ కోసం తెలుగు వికీపీడియా పెట్టించుకోండి. అది 2003 డిసెంబరు నుంచి ఉంది. ఇంగ్లీషు దాంతో పోలిస్తే వ్యాసాలు తక్కువ, ఉన్నవాటిలో కొన్ని మరీ చిన్నవి, కొన్ని సగంలో ఆగినవి. ఆ సంగతి తెలిసి తెరిస్తే నిరాశ ఉండదు. పాప అడిగిన ప్రశ్నకి ముందు అందులో మీరు చూడండి. దొరికితే ఇద్దరూ కలిసి చదవండి. దొరకకపోతే ‘ఇందులో లేదు, అన్నయ్య ఇంగ్లీషులో చూసి మనకి చెప్తాడు’ అనండి. ‘నాన్న వచ్చాక’ అనడం కంటే ఇది నయం, పాప ప్రశ్న రాత్రిదాకా చల్లారిపోదు. నెట్ ఉన్నప్పుడైతే ఇంగ్లీషు వ్యాసం పేజీలోనే ఇతర భాషల జాబితాలో తెలుగు ఉందేమో చూసి ఒక్క నొక్కుతో ఇటు రావచ్చు. బడిలో మనం నేర్చుకున్న పారిభాషిక పదాలు, పిల్లలు ఇంగ్లీషులో నేర్చుకుంటున్నవి ఇలా పక్కపక్కన పెట్టి చూసుకుంటే, మీకూ పిల్లలకూ మధ్య ఉన్న దూరం కొంత తగ్గుతుంది.

నెట్ భయం గురించి. కంప్యూటర్ హాల్లో పెట్టి మీరు మంచి పని చేశారు. చిన్నదానికి నెట్ లేని కివిక్స్ చాలు, ఇంకో రెండు మూడేళ్ళు అదే సరిపోవచ్చు. బాబుకి మాత్రం ఎల్లకాలం నెట్ వద్దనడం కుదరదు. ఇంట్లో వద్దంటే స్నేహితుడి ఫోన్‌లో చూస్తాడు, అక్కడ మీరుండరు. కనెక్షన్ పెట్టించి హాల్లోనే, వేళలు మాట్లాడుకుని వాడనివ్వడం ఒక దారి. ఈ ఏడాదికి ఇలాగే హాట్‌స్పాట్‌తో నెట్టుకొచ్చి, పదో తరగతికి వెళ్ళేటప్పుడు మళ్ళీ ఆలోచించడం రెండోది. మొదటిదాంట్లో మీకు కాపలా శ్రమ ఎక్కువ. రెండోదాంట్లో వాడికి అసహనం పెరగొచ్చు. మీ బాబు స్వభావం మీకే తెలుసు కనుక ఇది మీరే తేల్చుకోవాలి. నేనైతే వాడితో కూర్చుని మాట్లాడి, వాడి చేతే వేళలు రాయిస్తాను.

మీవారి డిస్కుకి వేరే ఉపయోగం ఉందన్నాను. సెలవు రోజున ఆయన పాత ల్యాప్‌టాప్ తెరిచి పిల్లల్ని ఒక పక్క కూర్చోబెట్టుకోమనండి. పక్కన కొత్త కంప్యూటర్‌లో వికీపీడియా తెరిచి ఉండాలి. ఒకే విషయం రెండింట్లో వెతికి, ఏం మారిందో పిల్లలు పట్టుకోవాలి. ఆఫ్రికాలో అతిపెద్ద దేశం ఏది? 2004 డిస్కు ప్రకారం సూడాన్. దక్షిణ సూడాన్ విడిపోయాక అల్జీరియా. మూలకాల పట్టికలో నిహోనియం, మాస్కోవియం, టెన్నెస్సీన్, ఒగానెసాన్ అన్న పేర్లు 2016లో ఖాయమయ్యాయి, డిస్కులో ఎంత వెతికినా ఉండవు. శనిగ్రహానికి 2025లో ఒకేసారి 128 కొత్త చంద్రుళ్ళను గుర్తించి లెక్క 274కి తెచ్చారు. మీరు దించుకునే ఫైలు అంతకు ముందుదైతే అందులోనూ పాత లెక్కే ఉంటుంది. పిల్లలు ఆ తప్పు కూడా పట్టుకుంటే వాళ్ళకి సంగతి వంటబట్టినట్టే. ఆ డిస్కుని మూల పడేయమని చెప్తే మీవారు నొచ్చుకుంటారు. ఇలా చెప్తే ముందుండి ఆడిస్తారు. అన్నదమ్ముల మధ్య వాదన కూడా ఆ ఆటలోనే తీరిపోవచ్చు, ఎందుకంటే ఇద్దరూ తెచ్చినవీ ఒకే బల్ల మీద పనికొస్తాయి.

నన్ను అడిగితే ఈ నెల ఏమీ కొనకుండా కివిక్స్‌లో సింపుల్ ఇంగ్లీష్, తెలుగు రెండూ పెట్టి చూస్తాను. పిల్లలు అడిగి జవాబు దొరకని ప్రశ్నలన్నీ ఒక నోటుబుక్‌లో రాయించండి. నెలాఖరుకి ఆ పుస్తకం తీసి చూస్తే దేనికి డబ్బు పెట్టాలో అదే చెప్తుంది. ఎక్కువ భాగం పాపకి అర్థంకానివే అయితే పిల్లల స్థాయిలో రాసిన చందా ఆలోచించండి, అప్పుడు నెట్ ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోండి. బాబుకి లోతు చాలనివైతే 100 జీబీల పెద్ద ఫైలు తెప్పించుకుంటే సరిపోతుంది. పేజీలో పది గీతలు కూడా నిండకపోతే ఇంకేమీ అక్కర్లేదు.

ఆదివారం ఆయన వచ్చినప్పుడు మీవారొక్కరే మాట్లాడకుండా మీరు కూడా కూర్చోండి. ఏ సంవత్సరం నాటిది, ఎవరు రాశారు, కొత్తది ఎలా ఇస్తారు అని మీరే అడగండి. జవాబులు కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వడానికి ఆయన వెనకాడితే అడ్వాన్సు గురించి ఆలోచించనే అక్కర్లేదు. రాసిస్తే ఆ కాగితం దగ్గర పెట్టుకుని, నెలాఖరుకి మీ నోటుబుక్ చూశాక కబురు చేస్తామని చెప్పండి.